బెల్లు మూత

షికారుకెళ్లినవాడెవడైనా కాస్త చల్లబడి ఇంటికొస్తాడు. ముక్కోటేశ్వరరావు మాత్రం పొద్దున్నే చల్లగా బయల్దేరి, ఎండెక్కేసరికి సలసలా కాగుతూ తిరిగొచ్చేవాడు.

ముక్కోటి ఏకాదశి నాడు పుట్టాడని తల్లి మురిసిపోయి పెట్టుకున్న పేరు అది. ఈదులపాలెం జనం అందులో ఒక్క అక్షరం మార్చి ముక్కోపేశ్వరరావు అని పిల్చుకునేవారు. ఆ మార్చినవాడెవడో తెలిస్తే తందామని అతను చాలాకాలం వెతికాడు. దాంతో పేరు మరింత గట్టిపడింది.

బజార్లో అతనికి ఫొటో స్టూడియో ఉంది. కెమెరా వెనక నుంచుని "నవ్వండి" అంటాడు. నవ్వడం కాస్త ఆలస్యమైతే "నవ్వమంటే నవ్వరేం? చెవుడా?" అంటాడు. అందుకే ఆ ఊళ్లో ఏ గోడ మీద ఏ ఫొటో చూసినా జనం బెదిరిపోయి ఉంటారు. ఈ కథ చెప్పేవాడి ఫొటో కూడా అక్కడ తీసిందే. చూసినవాళ్లు ఏ కేసులో అని అడుగుతుంటారు.

అంత మనిషికీ ఒక సుఖం ఉండేది. ఆదివారం తెల్లవారగానే సైకిలు తీసి కాలువగట్టు పట్టుకోవడం. పనేమీ ఉండదు. లాకుల దాకా తొక్కడం, అక్కడ రాతిమెట్ల మీద కూర్చుని టీ తాగడం, నీళ్లు దూకే చప్పుడు వినడం, వెనక్కి రావడం. అంతే. పక్కన ఎప్పుడూ పున్నయ్య ఉండేవాడు.

పున్నయ్య లేడీస్ టైలరు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్లు. పున్నయ్య సైకిలు తొక్కితే కాజాలు కుడుతున్నట్టుండేది. ఇంత దూరం పోతాడు, ఆగుతాడు. గుర్రపుడెక్క మీద నీటికోడి నడిచినా ఆగుతాడు. అవతలి ఒడ్డున ఎవరో బట్టలుతుకుతుంటే ఆ చీర అంచు ఏ ఊరిదో ఆలోచిస్తూ ఆగుతాడు. ముక్కోటి ముందుకు పోయి, వెనక్కి చూసి, పళ్లు నూరి, మళ్లీ ఎదురొచ్చి పిల్చుకుపోయేవాడు. అలా ఏళ్లు గడిచాయి. పళ్లు నూరడం కూడా షికారులో భాగమే అనుకున్నారు ఇద్దరూ.

పోయిన మాఘమాసంలో ఒక ఆదివారం పున్నయ్య లకుముకి పిట్టని చూస్తూ ఆగిపోయాడు. అది కరెంటు తీగ మీంచి దూకే దాకా కదలనన్నాడు. అది దూకదు.

"నీతో షికారుకి రావడం కంటే శవం వెనకాల నడవడం నయంరా," అన్నాడు ముక్కోటి. "అదైనా ముందుకు పోతుంది."

పున్నయ్య తల్లి పోయి అప్పటికింకా నెల కాలేదు.

మాట నోట్లోంచి జారిన మరుక్షణం ముక్కోటికి తెలిసింది. పున్నయ్య పిట్ట మీంచి చూపు తీసి, సైకిలు వెనక్కి తిప్పుకున్నాడు. "ఇంకోసారి ఆ నోటితో నన్ను పిలవకు," అన్నాడు. అంత మెల్లగా అతను మాట్లాడడం ముక్కోటి ఎప్పుడూ వినలేదు.

ముక్కోటికి అక్కడికక్కడే కోపం ముంచుకొచ్చింది. అది తన మీద రావాల్సిన కోపం. అడ్రసు తప్పి పున్నయ్య మీదికి పోయింది.

పిలవొద్దన్నాడుగా. సరే, పిలవను. బజారుకెళ్లి ఉన్నవాటిలోకెల్లా పెద్ద బెల్లు కొని హ్యాండిలుకి బిగించాడు. ఊరి చివర కొడితే లాకుల దగ్గర వినపడే బెల్లు. అప్పట్నుంచి ఆదివారాలు ఒంటరిగానే షికారు. గట్టు మీద పున్నయ్య కనబడితే దూరం నుంచే మోగించుకుంటూ వచ్చేవాడు. పున్నయ్య తల తిప్పకుండా ఒడ్డు వారకి జరిగేవాడు. ముక్కోటి సర్రున దూసుకుపోయేవాడు. పోయాక, గెలిచినవాడి కడుపు ఎందుకిలా మండుతోందా అని ఆలోచించి, జవాబు దొరక్క ఎదురొచ్చిన ప్రతివాడి మీదా బెల్లు కొట్టేవాడు.

వేసవి వచ్చింది. షికారులో సుఖం మాత్రం ఎక్కడికో పోయింది. ఇంటికొచ్చి సైకిలు స్టాండు వేసే చప్పుడుకే భార్య శేషారత్నం వంటింట్లోకి తప్పుకునేది.

*

గట్టు దిగితే వేపచెట్ల మధ్య చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే బురాన్ సాహెబుని ఊరంతా బురాన్ తాత అంటారు. చిన్నప్పుడు జ్వరమొస్తే ముక్కోటిని వాళ్లమ్మ అక్కడికే తీసుకెళ్లి నెమలీకలతో తట్టించి ఊదించేది. తర్వాత జ్వరాలు పోయాయి గానీ ఆ వెళ్లడం పోలేదు. గురువారం గురువారం వెళ్లి ముంగిలి ఊడుస్తాడు, తాత చెప్పే నాలుగు మాటలు వింటాడు. తాతకి తాను శిష్యుణ్ణని అతని నమ్మకం. ఊడుస్తూ రాలిన ఆకుల్ని తిడతాడని తాత ఫిర్యాదు.

ఒక ఆదివారం అతను వేళ కాని వేళలో వచ్చి, సైకిలు వేపచెట్టుకి ఆనించి, అరుగు మీద చతికిలబడ్డాడు. తాత చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లేరుతున్నాడు.

"తాతా, ఒక తాయెత్తు కట్టు."

"దేనికి?"

"కోపానికి."

"దానికి నా దగ్గర తాయెత్తు లేదబ్బాయ్. ఉంటే ముందు నేనే కట్టుకునేవాణ్ణి," అంటూనే తాత చేటలో ముక్కు పెట్టబోయిన కోడిని "నీ యమ్మకడుపు మాడ! ఇందాకే కదే తిన్నావు!" అని తరిమాడు. ఆయాసం తీరాక అడిగాడు. "ఎక్కడ్నుంచి రాక?"

"షికారు నుంచి."

"షికారంటే మా పెద్దల భాషలో వేట. ఏం దొరికింది?"

"దొరికేదేంటి తాతా, మంట! ఆ గట్టు మనుషులు నడిచేదా, ఇంకేమన్నానా? గడ్డిమోపు ఎత్తుకుని ఒక ముసల్ది సగం గట్టు ఆక్రమిస్తుంది. మిగతా సగం గేదెలవాడిది. ఇంకో మహాతల్లి నట్టనడి దారిలో మిరపకాయలు ఆరబోసింది. ఇక బాతులు! నా వంక చూసి మరీ, కావాలని, నడుం ఊపుకుంటూ పోతాయి. బెల్లు కొట్టి కొట్టి బొటనవేలు వాచింది."

"ఎవరా ముసలమ్మ?"

"నాకేం తెలుసు?"

"ఆ గేదెలతను?"

"ఎవడో."

"బాతులు?"

"తాతా!"

తాత నవ్వలేదు. ఒక రాయి ఏరి అవతల పారేశాడు. "పున్నయ్య కనిపించాడా?"

ముక్కోటి నేల వంక చూశాడు. "కనిపించాడు. బెల్లు కొట్టాను, జరిగాడు, పోయాను."

"ఏమన్నాడు?"

"బెల్లుతో ఎవడేమంటాడు?"

తాత చేట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి లేచాడు. వేపచెట్టు దగ్గరికి నడిచాడు. సైకిలుకి దణ్ణం పెడతాడా ఏంటని ముక్కోటి చూస్తుండగానే, బెల్లు మీది మూత పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పగా తిప్పగా అది ఊడి చేతికొచ్చింది. తళతళలాడుతున్న మూతని చొక్కాకి తుడుచుకుని అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు.

"తాతా! అది లేకపోతే దారి ఎవరిస్తారు?"

"నోరుందిగా."

"ఆ నోటితోనేగా తగలడింది!"

"ఊఁ," అన్నాడు తాత, మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంటూ. "ఇక పో. పప్పు పొయ్యెక్కాలి."

*

ఇంటి గేటు ముందు ముక్కోటి బొటనవేలు అలవాటుగా మీట నొక్కింది. టిక్కుమంది. రోజూ బెల్లు వింటే శేషారత్నం వచ్చి గేటు తీసేది. టిక్కుకి ఎవరొస్తారు? ఎండలో నిలబడి కాసేపు తాతని తిట్టుకున్నాడు. ఇక తప్పక "శేషూ" అని పిలిచాడు.

లోపల ఏదో గిన్నె కిందపడింది. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, గేటు బయట మొగుణ్ణి, ఆ పక్కన వీధిని, మళ్లీ మొగుణ్ణి చూసింది.

"ఎవరో పిలిచినట్టుంది?"

"నేనే."

"మీరా?" అంది. గేటు తీసింది గానీ ఆ రోజంతా అతన్ని వింతగా చూస్తూనే ఉంది. ఆ చూపుకి కూడా అతనికి ఒళ్లు మండింది.

తర్వాతి ఆదివారం గట్టెక్కాడు. ఎక్కిన కాసేపటికే ముందు గడ్డిమోపు. మోపు కింద రెండు కాళ్లు.

"ఏయ్!"

మోపు కదల్లేదు.

"ఏయ్, నిన్నే!"

మోపు ఆగి, మెల్లగా మొత్తంగా తిరిగింది. గడ్డిపోచల్లోంచి ముడతల మొహం బయటపడింది. "ఏయ్ ఎవరయ్యా? ఈ గట్టు మీద ఆ పేరుగలోళ్లు ఎవరూ లేరే!"

"పేరు తెలీదు. జరుగు."

"పేరు తెలీకపోతే వరసన్నా లేదా? మీ అమ్మ నీకు వరసలు నేర్పలేదా?"

"జరుగు... పెద్దమ్మా," అన్నాడు పళ్ల బిగువున.

"అదీ!" అంది ముసలమ్మ. జరగలేదు. "నువ్వు బొమ్మలు తీసే ముక్కోపివి కదూ? మా మనవరాలికి తీసిన బొమ్మలో అది ఏడుస్తా ఉందే? పెళ్లిచూపులకి పంపిస్తే అబ్బాయోళ్లు అమ్మాయికి ఇష్టం లేదేమోనని కబురెట్టారు."

అతను సైకిలు దిగి, గట్టు వారన గడ్డిలోంచి నడిపించుకుంటూ ఆవిణ్ణి దాటి, మళ్లీ ఎక్కి, వెనక్కి తిరిగి కసిగా అరిచాడు: "పెద్దమ్మా!" తిట్టు లాగా అందామనే అనుకున్నాడు. కానీ ఆ మాట చివరి దీర్ఘం దగ్గర కోపం నిలబడలేదు, జారిపోయింది. "ఏం నాయనా?" అంది ముసలమ్మ. ముక్కోటి తలొంచుకుని తొక్కుకుపోయాడు.

మిరపకాయల దగ్గర ఇంకా ఘోరం జరిగింది. వెనక నుంచి చూసి, "పిన్నీ, కాస్త చూసుకో, చక్రం పడుద్ది" అన్నాడు, ఈసారి మర్యాదగానే. ఆవిడ గిర్రున తిరిగింది. అతనికి కూతురుంటే ఆ వయసుంటుంది.

"నేను నీకు పిన్నినా?" అంది చీపురు ఎత్తి. "అద్దంలో నీ జుట్టు చూసుకున్నావా ఎప్పుడన్నా? బొమ్మలన్నీ జనానివేనా, నీది తీసుకోవా?"

"మరేమని పిలవాలమ్మా నిన్ను!" అని గావుకేక పెట్టాడు ముక్కోటి.

"ఇప్పుడు పిలిచావుగా అమ్మా అని. దాంతోనే పో," అని చీపురుతో మిరపకాయలు ఇవతలికి లాగి చక్రం పట్టేంత దారి చేసింది.

ఆ భయంతో, గేదెలవాడి దగ్గరికొచ్చేసరికి జాగ్రత్తపడి "బావా" అన్నాడు. అది అన్నిటికన్నా పెద్ద తప్పు. గేదెలవాడు కర్ర చంకలో పెట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"బావా అన్నాక ఊరికే పోతావేంటి బావా? దిగు. చుట్టముందనే తెలీదు నాకు. మీ చెల్లెల్ని నాకెప్పుడిచ్చారు? కట్నం కింద ఈ సైకిలేనా? తొక్కి తొక్కి అరగదీశావుగా!"

గట్టు మీద పోయేవాళ్లంతా నవ్వారు. గేదె ఒకటి వెనక చక్రం మీద పేడ వేసింది. ముక్కోటి మొహం ఎర్రగా కందిపోయింది. సైకిలు తిప్పి, ఒక్క బిగిన దర్గా దాకా తొక్కాడు.

"నా మూత నాకిచ్చేయ్!"

తాత దర్గా పిట్టగోడ వైపు చెయ్యి చూపించాడు. మూత అక్కడ బోర్లించి లేదు. వెల్లకిలా ఉంది. అడుగున బెజ్జాన్ని తడిమట్టితో పూడ్చి, అందులో నూకలు పోశాడు. పిచ్చుకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తింటున్నాయి.

"వాటినడుగు," అన్నాడు తాత. "ఏం దొరికింది ఇవాళ?"

"ఒక పెద్దమ్మ! ఒక పిన్ని, పిన్ని కూడా కాదట! ఒక బావ! ముగ్గురూ తిట్టారు!"

"మంచి వేటే."

"నాకు కోపం తగ్గలేదు తాతా! పెరిగింది!"

"పున్నయ్య దొరికాడా?"

ముక్కోటి పిచ్చుకల వంక గుడ్లురిమి చూశాడు. అవి తినడం మానలేదు. సైకిలెక్కి వెళ్లిపోయాడు.

*

వానలు పడ్డాక కాలువ నిండుగా వచ్చింది. లాకులకి ఇవతల గట్టు సన్నబడే చోటుంది. ఒకపక్క కాలువ, ఇంకోపక్క తుమ్మముళ్లు, నడుమ ఒక్క సైకిలు పట్టే దారి. ఒక ఆదివారం ముక్కోటి ఆ సందులోకి దిగేసరికి, ముందు పున్నయ్య వెళ్తున్నాడు. అదే సైకిలు, అదే వెనక సీటుకి కట్టిన గుడ్డసంచి, అదే కాజాలు కుట్టే నడక.

దాటడానికి లేదు. పిలవడానికీ లేదు. ఇంకోసారి ఆ నోటితో నన్ను పిలవకు.

దగ్గి చూశాడు. పున్నయ్య వినలేదు. గొలుసు గలగలమనిపించాడు. వినలేదు. ఎందుకు వింటాడు? అతని చెవులు ఎదురుచూసేది పెద్ద బెల్లు కోసం. అది మోగలేదంటే వెనక ముక్కోటి లేడని. పళ్లు నూరుతూ వెనకాలే పోసాగాడు ముక్కోటి. అంత నెమ్మదిగా తొక్కితే సైకిలు నిలబడడమే కష్టం. హ్యాండిలు అటూ ఇటూ వణుకుతోంది. వెధవ నడక, నత్త నడక, వీడూ వీడి పిట్టలూ.

ఆ నడకలో కాలువ అవతల ఒడ్డు చాలాసేపు కనబడుతుంది. తాటిచెట్ల నీడలు నీళ్లలో సాగి సాగి విరుగుతున్నాయి. ఒక కొంగ ఒంటికాలి మీద నిద్రపోతోంది. ఏళ్ల తరబడి ఈ దారి తొక్కి, అవతలి ఒడ్డున రెండు మెట్ల రేవుందని ముక్కోటి అప్పుడే చూశాడు. దాన్ని చూడనందుకు కూడా పున్నయ్య మీదే కోపమొచ్చింది.

తీగ మీద నీలంగా ఏదో తళుక్కుమంది. లకుముకి పిట్ట. పున్నయ్య తల అటు తిరిగింది. సైకిలు ఆపలేదు. పిట్ట వంకే చూస్తూ తొక్కుతున్నాడు. అతని ముందు చక్రానికి కాస్త దూరంలో గట్టు లేదు. రాత్రి వానకి ఒడ్డు విరిగి కాలువలోకి జారిపోయింది. ఎర్రటి మట్టి నోరు తెరుచుకుని ఉంది. కింద సుడి తిరుగుతున్న నీళ్లు.

పున్నయ్యకి ఈత రాదు.

ముక్కోటి బొటనవేలు మీట నొక్కింది. టిక్. మళ్లీ నొక్కింది. టిక్.

"ఒరే పున్నా!"

ఆ కేకకి కొంగ లేచిపోయింది. పున్నయ్య ఉలిక్కిపడి కాలు కింద పెట్టాడు. ముందు చక్రం విరిగిన అంచు మీద ఆగింది. ఒక మట్టిపెళ్ల ఊడి నీళ్లలో పడింది. దాన్ని చూశాడు. తర్వాత వెనక్కి చూశాడు.

ముక్కోటి సైకిలు ముళ్లలో పారేసి పరుగెత్తుకొచ్చాడు. రెండు చేతులతో పున్నయ్య సైకిలు పట్టుకుని వెనక్కి లాగేశాడు. నోరు ఆగడం లేదు.

"గుడ్డి సన్నాసీ! కళ్లు పిట్టకిచ్చి వచ్చావా? చచ్చుండేవాడివి! ఈపాటికి ఆ లాకుల దగ్గర తేలుండేవాడివి! పిట్టంట! ఎప్పుడూ చూడనట్టు! ఆ పిట్ట వచ్చి లాగుద్దా నిన్ను? ఆఁ?"

పున్నయ్య మొహం సున్నం కొట్టినట్టుంది. గండి వంక చూశాడు, ముక్కోటి వంక చూశాడు. సైకిలు దిగి అన్నాడు.

"ఆ నోటితో పిలవొద్దన్నానా."

"నాకు వేరే నోరు లేదురా!" అని అరిచాడు ముక్కోటి. సైకిలు మాత్రం వదల్లేదు. "ఉన్నది ఇదొక్కటే. ఆవేళ ఆ మాటన్నదీ ఇదే. మీ అమ్మ నాకు అన్నం పెట్టింది కూడా ఈ నోటికే. ఏం చెయ్యమంటావు, చెప్పు."

తీగ మీది పిట్ట రాయిలా నీళ్లలోకి దూకి, చేపతో లేచింది. ఇద్దరూ చూశారు.

"దూకింది," అన్నాడు ముక్కోటి.

"ఊఁ," అన్నాడు పున్నయ్య. అతని కళ్లు ముక్కోటి సైకిలు మీద పడ్డాయి. "బెల్లేదిరా?"

"బురాన్ తాత పీకేశాడు."

"ఎందుకు?"

"నన్నడిగితే? ముసలాడికి మతి లేదు. పిచ్చుకలకి నూకలు పోస్తున్నాడు అందులో."

పున్నయ్య పెదవులు ఒక పక్కకి కదిలాయి. సైకిలు ఎత్తి ముళ్లవారగా గండి దాటించాడు. అవతల నిలబడి, చేయి చాపి, ముక్కోటి ముళ్లలోంచి లేపి తెచ్చిన సైకిలు హ్యాండిలు అందుకున్నాడు.

"ముందు నువ్వు పోతావా?" అన్నాడు.

"నువ్వే పో," అన్నాడు ముక్కోటి. "పొయ్యేటప్పుడు దారి చూసి ఏడువు."

*

ఎండెక్కాక రెండు సైకిళ్లు వేపచెట్టుకి ఒకదాని మీదొకటి ఆనాయి. తాత ఆ రెండో సైకిలు వంక చూసి, ఇంకేమీ అడక్కుండా లేచి, పిట్టగోడ మీది మూత తీశాడు. అడుగున నూకలు దులిపి, బెజ్జంలోని మట్టి గోటితో పొడవబోయాడు.

ముక్కోటి చెయ్యి అడ్డం పెట్టాడు. మూత తీసుకుని, అరుగు మీది డబ్బాలోంచి గుప్పెడు నూకలు అందులో పోసి, మళ్లీ గోడ మీద పెట్టేశాడు. పిచ్చుకలు వచ్చి అతని చేతి దగ్గరే గోల మొదలుపెట్టాయి.

"ఉండండే, అరవకండి!" అని వాటిని కసిరాడు.

పున్నయ్య నవ్వాడు. తాత మాత్రం నవ్వలేదు.

"కోపం పోయిందా అబ్బాయ్?"

"లేదు తాతా," అన్నాడు ముక్కోటి నిజాయితీగా. "అక్కడే ఉంది."

"ఉండనీ," అన్నాడు తాత చేట దగ్గరికి జరుగుతూ. "దాన్ని కూడా ఏదో ఒక వరస పెట్టి పిలువు."